కర్టెన్ల వెనక పాట

మా అమలాపురంలో ఎవరైనా వేలంపాటకి వెళ్ళి, పక్కవాడితో ఒక్క మాటైనా అనకుండా పై పాట పాడేస్తే అతన్ని మనిషి కింద జమకట్టరు. "పెంపకం సరిగ్గా లేదండీ పాపం" అంటారు. రేవు పాటైనా, చేపల చెరువు పాటైనా, కొబ్బరితోట పాటైనా, ముందురోజు సాయంత్రం పాడేవాళ్ళంతా ఒకచోట కూర్చోవాలి. కుశలప్రశ్నలయ్యాక, భోజనాలయ్యాక, ఎవరికి రావాలో అనుకోవాలి. మిగతావాళ్ళు తప్పుకుంటారు. తప్పుకున్నందుకు వాళ్ళకి ముట్టేది వాళ్ళకి ముడుతుంది. మర్నాడు పాట దగ్గర హోరాహోరీగా పాడినట్టు నటించి అందరూ ఇళ్ళకి వెళ్తారు. దీన్ని బయటి ఊళ్ళలో నేరం అంటారట. ఇక్కడ మర్యాద అంటారు.

ఈ మర్యాదకి పెద్దదిక్కు దొరబాబుగారు. తెల్ల లాల్చీ, చంకలో చిన్న తోలు సంచీ, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. రాజోలు నించి కొత్తపేట దాకా ఆయన కూర్చోబెట్టని పాట లేదు. "నా మాట దాటి ఒక్కడు పాడడండీ" అని, అదేదో ప్రభుత్వం ఇచ్చిన బిరుదులా చెప్పుకుంటారు. నిజంగానే ఎవరూ పాడేవారు కాదు. ఎదురుగా దొరబాబుగారు కూర్చుని కళ్ళల్లోకి చూస్తుంటే చెయ్యెత్తడానికి ఎవరికైనా మొహమాటమే కదా.

నా పేరు లక్ష్మీదుర్గ. మా ఆయన దోహాలో క్రేను నడుపుతారు. ఆయన పంపిన డబ్బుతో గడియార స్తంభం దగ్గర నెట్ సెంటర్ పెట్టాను. వరసగా ప్లైవుడ్ కాబిన్లు, ఒక్కోదానికి మెరూన్ రంగు కర్టెను. పొద్దున్నపూట గల్ఫులో భర్తలున్న ఆడవాళ్ళు వచ్చి కెమెరా ముందు కూర్చుని ఏడ్చి వెళ్తారు. సాయంత్రం కాలేజీ కుర్రాళ్ళు వస్తారు, వాళ్ళు ఏడవరు. ఏ కాబిన్లో ఎవరేం చూస్తున్నారో నా బల్ల మీది కంప్యూటర్లో కనబడుతుంది. ఆ ఏర్పాటు పోలీసులు పెట్టమంటే పెట్టాను. దానివల్ల మనుషుల మీద నాకు గౌరవం పెరిగిందని మాత్రం చెప్పలేను.

రెండువేల ఏడు వేసవిలో, గ్యాసు పైపులైన్లకి సర్వే చేసే ఒక కంపెనీ తన పాత ఇనప లాంచీని అమ్మకానికి పెట్టింది. గోదాట్లో తిరిగిన లాంచీ, ఇంజను ఇంకా భేషుగ్గా ఉంది. దాన్ని మామూలుగా పాట పెట్టకుండా ఇంటర్నెట్‌లో వేలం వేస్తామన్నారు. ఆ వేలం సైటు తెరుచుకోవడానికి కావలసినవన్నీ కంపెనీ ఆఫీసరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు వచ్చి నా కంప్యూటర్లలోనే వేయించారు. బ్రాడ్‌బ్యాండూ, కరెంటు పోతే ఇన్వర్టరూ ఉన్నది మాకే. అంటే ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడినుంచైనా పాడదగిన ఆ వేలాన్ని, పాడేవాళ్ళంతా నా సెంటర్లోనే పక్కపక్కన కూర్చుని పాడాలన్నమాట.

ఆఫీసరుగారు ఒక కాగితం తెచ్చి స్వయంగా గోడకి అంటించారు. పాడేవారు వేలానికి ముందుగానీ, వేలం మధ్యలోగానీ, మిగతా పాటదారులను ఏ విధంగానూ సంప్రదించరాదు. సంప్రదించినట్టు తేలితే అమ్మకం రద్దు. ఎవరి పేర్లూ కనబడవు, నంబర్లే కనబడతాయి.

దొరబాబుగారు ఆ కాగితం రెండుసార్లు చదివి, "మరి ఎదటివాడు ఎవడో తెలియకుండా పాడ్డం ఎలాగండీ?" అని అడిగారు.

"నంబరు కనబడుతుంది కదండీ" అన్నారు ఆఫీసరుగారు.

"నంబరుతో ఏం మాట్లాడతామండీ?"

"మాట్లాడకూడదనే నంబరు పెట్టామండీ."

దొరబాబుగారు నావైపు తిరిగి, "బాగా చదువుకున్నవారండీ, పాపం" అని జాలిపడ్డారు.

లాంచీకి అయిదుగురు డిపాజిట్టు కట్టారు. దొరబాబుగారు, రాజోలు పాత ఇనప సామాను ఏడుకొండలుగారు, అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ప్రకాశరావుగారు, అంతర్వేదిలో బోట్లున్న సాలమోనుగారు. అయిదోవాడు తాతాజీ.

తాతాజీది చినమెరక లంక. చుట్టూ గోదారి. అక్కడ పడవ నడిపేది అతనే. మామూలు రోజుల్లో ఆ నాటు పడవ చాలు. వరదొస్తే చాలదు. పోయినేడు శ్రావణంలో అతని కూతురు రత్నానికి నొప్పులొస్తే, ఆ ఉరవడిలో పడవ దాటలేదు. రెండోరోజుకి దాటింది. తల్లి బతికింది, బిడ్డ లేదు. ఇప్పుడు రత్నం మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారీ నెలలు నిండేది శ్రావణానికే. అందుకని లంక జనమంతా తలాకొంత వేసుకుని, ఆ లాంచీ ఎలాగైనా పట్టుకురమ్మని తాతాజీని పంపించారు.

పాటకి రెండురోజుల ముందు అతను భుజాన చక్రకేళీ గెల ఒకటి మోసుకుని నా దగ్గరకి వచ్చాడు. బయట రిక్షాలో ఇంకో మూడు గెలలున్నాయి.

"అమ్మగారూ, పెద్దలు నలుగురిళ్ళకీ ఎల్లి ఓపాలి చెప్పుకుంటానండి. పిల్లదాని సంగతి చెప్తే ఆలోచిస్తారు కదండి" అన్నాడు.

నేను గోడమీది కాగితం చదివి వినిపించాను. "వెళ్ళకూడదు తాతాజీ. వెళ్ళి చెప్పుకోవడాన్ని కూడా సంప్రదించడమే అంటారు. తేలితే అమ్మకం రద్దు చేస్తారు."

"ఒక్క మాట కూడానండి?"

"ఒక్క మాట కూడా."

అతను కాసేపు ఆ కాగితం వైపే చూశాడు. చదువు రాదు కాబట్టి అక్షరాలకేసి భయభక్తులతో చూశాడు. తర్వాత రిక్షాలో గెలలు కూడా దింపించి నా సెంటరు మూల పెట్టి, "అయితే మాటాడనండి" అని వెళ్ళిపోయాడు.

సరిగ్గా మర్నాడు రాత్రి, నా సెంటరు మీద మేడలో ఉన్న లాడ్జి నుంచి బిరియానీ వాసన దిగింది. మిగతా నలుగురూ పైన కూర్చున్నారు. నాకూ ఒక పొట్లం పంపించారు, మర్యాదకేం తక్కువ లేదు. పొట్లం తిప్పి పంపిద్దామని నేనే మెట్లెక్కి వెళ్ళాను. లాంచీ దొరబాబుగారికి రావాలనీ, మిగతా ముగ్గురూ నోరెత్తకూడదనీ అప్పటికే తీర్మానం అయిపోయింది.

"గోడమీద కాగితం చూడలేదా అన్నయ్యగారూ?" అన్నాను.

"చూసేం చెల్లెమ్మగారూ. ఆ రూలు ముక్కూ మొహం తెలియనివాళ్ళకండీ. మేం ఇరవయ్యేళ్ళ నించి ఒకళ్ళ ఇంట్లో ఒకళ్ళం భోంచేస్తున్నాం. ఇప్పుడు పలకరించకపోతే ఏం బాగుంటుందండీ?" అన్నారు దొరబాబుగారు.

"ఆయ్, మరేనండీ" అన్నారు మిగతా ముగ్గురూ ఒక్క గొంతుతో.

కిందకి దిగి వచ్చాక ఆ గెలల వైపు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నదున్నట్టు అడుక్కుందామని వచ్చినవాణ్ణి రూలు చదివి ఆపింది నేను. ఆ రూలుని విస్తరి కింద వేసుకుని భోంచేసినవాళ్ళని ఆపగలిగే గొంతు మాత్రం నాకు లేదు. రూళ్ళు ఎప్పుడూ వినేవాళ్ళనే పట్టుకుంటాయి కాబోలు.

వేలం రోజు మధ్యాహ్నం నలుగురూ విడివిడిగా, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చారు. "అయ్యో, మీరూ వచ్చేరా ప్రకాశరావుగారూ?" "ఆయ్, ఊరికే చూద్దామనండీ" అని ఆశ్చర్యపోయారు. ముందురాత్రి ఒకే పళ్ళెంలోంచి ఉల్లిపాయ ముక్కలు తీసుకున్నవాళ్ళు. ఎవరి కాబిన్లోకి వాళ్ళు వెళ్ళి కర్టెన్లు లాక్కున్నారు. చివరి కాబిన్లో రత్నం కూర్చుంది. పెళ్ళికి ముందు నా దగ్గరే కంప్యూటరు నేర్చుకుంది, కాబట్టి నొక్కడం తనే నొక్కుతుంది. మొగుడు కువైట్‌లో ఉన్నాడు. తాతాజీ చేతులు కట్టుకుని ఆమె వెనకాల నిలబడ్డాడు.

పాట మొదలైంది. ఒకటో నంబరు దొరబాబుగారు, అయిదో నంబరు తాతాజీ. ఇద్దరూ ఒకరిమీద ఒకరు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతున్నారు. అనుకున్న ప్రకారం మిగతావాళ్ళు కదలకూడదు. ఇంతలో మూడో నంబరు పాట పడింది.

నా తెరమీద చూశాను. మూడో నంబరు ప్రకాశరావుగారు. కార్తీకమాసంలో వనభోజనాలకి లాంచీ తిప్పితే ఎంత గిట్టుబాటో ఆయన లెక్కేసుకున్నట్టున్నారు.

"ఎవడండీ ఈ మూడో నంబరు?" ప్లైవుడ్ మీంచి దొరబాబుగారి కేక.

"ఎవడో హైదరాబాదువాడై ఉంటాడండీ బావగారూ" అని ప్రకాశరావుగారే జవాబిచ్చారు.

వెంటనే రెండో నంబరు పడింది. అది ఏడుకొండలుగారు. "ఈ రెండోవాడెవడండి బాబూ, సిగ్గూ శరం లేకుండా!" అని ప్రకాశరావుగారు నిజంగానే బాధపడ్డారు. "బయటి స్క్రాపువాళ్ళండీ. వాళ్ళకి మర్యాదలు తెలీవండీ" అన్నారు ఏడుకొండలుగారు, మౌసు నొక్కుతూనే. ఆ తర్వాత నాలుగో నంబరు. "ఇలాంటివాళ్ళని దేవుడే చూసుకోవాలండీ" అని సాలమోనుగారు తన నంబరు గురించే దేవుడికి ఫిర్యాదు చేశారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ముగ్గురిలో ప్రతివాడూ తనొక్కడే మాట తప్పాననుకుంటున్నాడు. తతిమ్మా నంబర్లన్నీ ఎక్కడో హైదరాబాదులో కూర్చున్న మర్యాద లేనివాళ్ళవని నమ్ముతున్నాడు. ఇరవయ్యేళ్ళ స్నేహం, ఇన్నేళ్ళ మాట, అంతా అడ్డంగా ఒక మెరూన్ గుడ్డ వేలాడేసరికి ఆవిరైపోయింది. వీళ్ళని ఇన్నాళ్ళూ మాట మీద నిలబెట్టింది నీతీ కాదు, నేస్తమూ కాదు. ఎదటివాడు చూస్తున్నాడన్న మొహమాటం.

పాట పెరిగిపోతోంది. ఆఖరి అయిదు నిమిషాల్లో ఎవరు పాడినా గడువు ఇంకో అయిదు నిమిషాలు పెరుగుతుంది, అందుకని అది తెమలడం లేదు. రత్నం లేచి నా దగ్గరకి వచ్చి, "ఆఖరిది నొక్కేసేనండి. ఇంక మా దగ్గర లేదండి" అంది నెమ్మదిగా. మొహం పాలిపోయి ఉంది. మళ్ళీ వెళ్ళి తెర ముందు కూర్చుంది. ఆ పాటమీద ఎవరు ఒక్కసారి నొక్కినా లాంచీ పోయినట్టే.

అప్పుడు కరెంటు పోయింది.

రోజూ పోయేదే. కంప్యూటర్లు ఇన్వర్టరు మీద నడుస్తూనే ఉన్నాయి, ఫ్యాన్లు ఆగిపోయాయి. రోహిణీ కార్తె మధ్యాహ్నం, ప్లైవుడ్ డబ్బాల్లో నిండు మనుషులు. "అబ్బ, ఉక్క చంపేస్తోందండీ" అని నాలుగు కాబిన్ల నుంచీ మూలుగులు. నా కాబిన్ల కర్టెన్లన్నీ ఒకే తీగ మీద వేలాడతాయి. ఒక చివర కొక్కెం విప్పితే అన్నీ కలిసి కిందికొస్తాయి. నేను లేచి వెళ్ళి కొక్కెం విప్పేశాను. ఉక్కపోసినమాట నిజం. నాకు కోపమొచ్చినమాటా నిజమే.

గాలికోసం నలుగురూ కుర్చీల్లోంచి లేచి కాబిన్ల ముందు నడవలోకి వచ్చి నిలబడ్డారు. లాల్చీలు ఎత్తి విసురుకుంటూ తలలు తిప్పారు. ప్రతి తెర మీదా పైన ఎర్రగా ఇంత లావున ఎవరి నంబరు వాళ్ళకి రాసి ఉంది. రెండు. మూడు. నాలుగు.

దొరబాబుగారు మూడు తెరల వైపూ చూశారు. మిగతా ముగ్గురూ ఒకరి తెర ఒకరు చూసుకున్నారు. ఇంకో ఊళ్ళో అయితే కాలర్లు పట్టుకునేవారు.

ప్రకాశరావుగారు గొంతు సవరించుకుని, "భోజనాలయ్యేయాండీ?" అన్నారు.

"ఆయ్, అయ్యేయండీ. మీవండీ?" అన్నారు ఏడుకొండలుగారు.

"ఇప్పుడే అయ్యేయండీ."

"కొబ్బరికాయ ఎలా ఉందండీ ఈ వారం?"

"పడిపోయిందండీ."

ఒక్కరికీ తెర వైపు తిరిగే ధైర్యం లేదు. తిరగడమంటే మాట్లాడుతున్న మనిషికి వీపు చూపించడం, పైగా ఎందుకు తిరిగారో అందరికీ తెలిసిపోవడం. వాళ్ళ వెనకాల గడువు కరిగిపోతోంది. నేను మూలనున్న గెల దగ్గరకి వెళ్ళి ముగ్గిన పళ్ళు కోసి తెచ్చి తలా రెండేసి చేతుల్లో పెట్టాను. ఆడది పెట్టిన పండు వద్దనడం మా వైపు లేదు. ఒక పండు ఒలిచి పట్టుకుని ఇంకోటి చంకలో ఇరికించుకున్న మనిషి మౌసు పట్టుకోలేడు.

సాలమోనుగారు రత్నాన్ని చూసి, "ఎన్నో నెలమ్మా?" అని అడిగారు.

రత్నం తండ్రి వైపు చూసింది. తాతాజీ గోడమీది కాగితం వైపు చూశాడు. పెదాలు బిగించుకుని, చేతులు జోడించి నిలబడ్డాడు. పెద్దమనిషి అడిగితే పలకకుండా నిలబడడం అతని జన్మలో అదే మొదటిసారి అయి ఉంటుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ నోరు విప్పలేదు.

పాటదారుని కానిది నేనొక్కదాన్నే. "ఆరు వెళ్ళిందండీ. పోయినేడు వరదకి పడవ దాటక బిడ్డ దక్కలేదు, తెలుసు కదా. ఈసారీ శ్రావణానికే" అన్నాను.

అందరూ రత్నం వైపు చూశారు. ఏడుకొండలుగారు మాత్రం ఆ సందున మెల్లిగా తెర వైపు సగం తిరిగారు.

"ఏవండీ ఏడుకొండలుగారూ, మీ అబ్బాయి పరీక్షలెలా రాసేడండీ?" అన్నారు దొరబాబుగారు. గొంతులో తేనె, కళ్ళల్లో నిప్పులు. ఏడుకొండలుగారు తిరిగిరాక తప్పలేదు. లాంచీ తనకి రాకపోయినా సరే, ఈ ముగ్గురిలో ఒకడికి వెళ్ళకూడదని దొరబాబుగారు అప్పుడే తీర్మానించుకున్నారు. దాన్ని దయ అని నేననను. అబ్బాయి లెక్కల పేపరు సంగతి ఇంకా నడుస్తుండగానే గడువు అయిపోయింది. అయిదు తెరల మీదా అయిదో నంబరు గెలిచినట్టు పడింది.

రత్నం బల్లమీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

సాయంత్రం ఆఫీసరుగారు ఫోను చేశారు. "పాట మధ్యలో పాటదారులు మాట్లాడుకున్నారా అమ్మా?"

"మాట్లాడుకున్నారండీ. భోజనాల గురించీ, పరీక్షల గురించీ."

"వేలం గురించో?"

"ఒక్క ముక్క లేదండీ." లేని హైదరాబాదువాణ్ణి ప్లైవుడ్ మీంచి తిట్టడం మాట్లాడుకోవడం కిందకి రాదని నేనే తేల్చుకున్నాను.

"వెరీ గుడ్" అన్నారాయన.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ దొరబాబుగారు పరువుగల మనిషి. తను కూర్చోబెట్టిన పాట చేజారిందని ఊరు అనుకుంటే ఎలా? అందుకని వారం తిరక్కుండానే హోటళ్ళలో చెప్పడం మొదలెట్టారు. "తాతాజీ కూతురి సంగతి తెలిసి మేమే కూడబలుక్కుని వదిలేసేమండీ. నా మాట దాటి ఒక్కడు పాడలేదు." మిగతా ముగ్గురికీ ఈ కథ మహా నచ్చింది. ప్రతివాడూ తనవంతు త్యాగం కలిపి ముందుకు పంపించాడు. ఆఖరికి అది ఆఫీసరుగారి చెవిన పడింది.

ఆషాఢం సగంలో ఆయన మళ్ళీ వచ్చారు. డబ్బు మొత్తం కట్టేసినా లాంచీ ఇంకా కంపెనీ రేవులోనే ఉంది. "పాటదారులు మాట్లాడుకుని ఒకరికి వదిలేస్తే అది కుమ్మక్కే. మంచి పనికైనా రూలు రూలే. అమ్మకం రద్దు చేయాల్సి వస్తుంది" అన్నారు.

ఆయన్ని సెంటర్లోనే కూర్చోబెట్టి నేను తిన్నగా దొరబాబుగారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద ఇద్దరికి ఆ త్యాగం కథే చెబుతున్నారు.

"అన్నయ్యగారూ, మీ గొప్ప మూలాన లాంచీ రేవులో ఆగిపోయింది. వరదనీటితో గోదారి ఎరుపెక్కుతోంది. ఇంకో నెలలో ఆ పిల్లకి నొప్పులొస్తాయి. వచ్చి ఉన్నమాట చెప్పండి."

"ఉన్నమాటంటే, ఏం చెప్పమంటారండీ?"

"ఎవరూ ఎవరికోసం తప్పుకోలేదని. మీ మాట దాటి ముగ్గురు పాడారని."

అరుగు మీది ఇద్దరూ ఆయనకేసి చూస్తున్నారు. ఆ ఒక్క వాక్యం బయటికొస్తే కోనసీమలో మళ్ళీ ఆయన పిలిస్తే పాటకి కూర్చునేవాడు ఉండడు. నేను వచ్చేశాను.

గంటలో ఆయన సెంటరుకి వచ్చారు. వక్కపొడి లేదు, చంకలో సంచీ లేదు. ఆఫీసరుగారి ముందు నిలబడి, "తాతాజీ కోసం ఎవరం తప్పుకోలేదండీ. ప్రతివాడూ తనకే రావాలని పాడేడండీ. నా మనుషులే నా మీద పాడేరండీ. ఊళ్ళో నేను చెప్పుకున్నదంతా కోతలండీ" అన్నారు.

ఆఫీసరుగారు పాట నంబర్లన్నీ మళ్ళీ సరిచూసుకున్నారు. ఒకరిమీద ఒకరు ఎలా పాడుకున్నారో అంతా ఉంది. ఆయన మొహం వికసించింది. "అయితే ఎవరికివారు స్వతంత్రంగా పాడుకున్నారన్నమాట. వేలం ఇలాగే జరగాలి. చాలా నీతిగా జరిగింది" అని దొరబాబుగారికి చెయ్యి కలిపారు. ఆ చెయ్యి అలా ఇచ్చి నిలబడ్డారు దొరబాబుగారు. ఆయన్ని అంతగా అవమానించిన మెచ్చుకోలు ఇంకోటి ఉండదు.

లాంచీ లంకకి చేరింది. శ్రావణంలో గోదారి గట్లు ఒరుసుకుని పారినరోజు రత్నానికి నొప్పులొచ్చాయి. తెల్లారకముందే తాతాజీ ఆమెని ఇవతలి గట్టుకి చేర్చాడు, మధ్యాహ్నానికల్లా అమలాపురం ఆస్పత్రిలో ప్రసవం అయింది.

ఆ సాయంత్రం తాతాజీ నా సెంటరుకి వచ్చాడు. బట్టలింకా తడిసే ఉన్నాయి. భుజాన మళ్ళీ ఒక చక్రకేళీ గెల. దాన్ని దింపి, గోడమీద ఇంకా అంటుకునే ఉన్న కాగితం వైపు చూశాడు. దొరబాబుగారు చేసినదంతా అతనికి తెలుసు. వేసవి నుంచీ రోడ్డుమీద ఆ నలుగురిలో ఎవరు ఎదురైనా చేతులు జోడించి పక్కకి తప్పుకున్నాడట గానీ, ఒక్క మాట మాట్లాడలేదట.

"అమ్మగారూ, పాట అయిపోయినట్టేనాండి? ఇప్పుడు మాటాడొచ్చాండి?" అని అడిగాడు.

"ఆయ్, మాట్లాడొచ్చు తాతాజీ" అని నేనే దొరబాబుగారి నంబరు కలిపి రిసీవరు అతని చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఆయన ఉన్నట్టే వంగి నిలబడ్డాడు.

"బాబుగారూ, తాతాజీనండి" అన్నాడు. "ఆడపిల్లండి. ఏడుస్తుందండి."